జేజి చేసిన ఆయుధపూజ

అన్నను ఇంటర్ కోసం కడప హాస్టల్లో వేసిన ఏడు నాకు పదకొండేళ్లు. పోతూ పోతూ వాడు తన వీడియో గేమ్ నాకు వదిలేశాడు. ఏదో పెద్ద దానం చేస్తున్నట్టు మొహం పెట్టాడు కానీ, ఇద్దరాడే ఆట పెట్టుకుని ఒక్కదాన్నే ఏం చేసుకోను? అమ్మా నాన్నా పొద్దున్నే రాజంపేట బజార్లో మా కిరాణా అంగడికి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. మా వీధిలో నా ఈడు ఆడపిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది నేనూ, నాన్నను కన్న జేజీ.

నాకు ట్యాంకుల ఆట ఇష్టం. టీవీలో కింద ఇటుకల మధ్య ఒక పిట్ట ఉంటుంది, పైనుంచి శత్రువుల ట్యాంకులు వస్తాయి, మనం కాల్చి పిట్టను కాపాడాలి. అన్నతో ఆడినప్పుడు ఇరవై స్టేజీలు దాటేవాళ్లం. ఒక్కదాన్నే ఆడితే మూడో స్టేజీకే పిట్ట హరీ. "పోతే పోయిందిలే, మళ్లీ పెట్టు" అనడానికి పక్కన మనిషి లేక ఏడుపు ముంచుకొచ్చేది. ఒకరోజు నిజంగానే ఏడ్చాను.

"ఏందమ్మే, టీవీ ముందర కూచోని ఏడుస్తాండావు?" అంటూ జేజి వచ్చి పక్కన చతికిలబడింది. సంగతి చెప్తే, "ఓస్, ఇంతేనా! ఇట్లియ్యి, యాడ నొక్కాల?" అంది.

ఆడిందీ ఆడిందీ, మామూలుగా ఆడిందా! బొటనవేలు అరిగిపోయేట్టు నొక్కేది. పిట్టను కోడి అనేది. "నీ జిమ్మడ, నా కోడి మీదికే వస్తావా" అని శత్రువును తిట్టి, ఆ ఊపులో కోడిని తనే కాల్చేసేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. బడి గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తుకొచ్చే రోజులు మళ్లీ మొదలయ్యాయి.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మా అంగట్లో తక్కెడకు, రాళ్లకు, నాన్న స్కూటరుకు పసుపు రాసి బొట్లు పెట్టడం మామూలే. ఆ రోజు పూజ చేసిన వస్తువును ఎవరూ వాడరు. ఇంట్లో జేజి రోటికి, కత్తిపీటకు పెట్టి, నా గేముకూ పెట్టింది. అదీ నాకు పనిముట్టే అనుకుంది పాపం. అందులోని ఆట క్యాసెట్టు బయటికి తీసి, దూర్చే సందు చుట్టూ తడి పసుపు మెత్తి, మామిడాకుతో నీళ్లు చల్లి, పైన అక్షింతలు వేసింది.

మర్నాడు క్యాసెట్టు పెట్టి స్విచ్చి వేస్తే టీవీ నిండా గీతలు. తీసి ఊదాను, మళ్లీ పెట్టాను. ఊహూ. సందులో చూస్తే పసుపు బురద, రెండు బియ్యపు గింజలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకేం తెలుసని చేసినావు? చెడగొట్టినావు కదా! ఇంక ఈ ఇంట్లో కరెంటు వస్తువు ఏదీ ముట్టుకోవద్దు నువ్వు!" అని అరిచాను. జేజి కొంగుతో దాన్ని తుడవబోతే చేతిలోంచి లాక్కున్నాను.

నాన్న బస్టాండు దగ్గర రేడియోలు బాగు చేసే ఆయనకు ఇస్తే, బ్రష్షుతో శుభ్రం చేసి పావుగంటలో ఇచ్చేశాడట. అంత చిన్న పని. ఇంటికి తేగానే జేజిని పిలిచాను. గడప దగ్గరే నిలబడింది. "వద్దులేమ్మా, నా చేయి పడితే మళ్లీ చెడిపోతాది. నువ్వాడుకో, ఈన్నుంచి చూస్తాంటా" అంది. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నా పొగరు అననివ్వలేదు. రాకపోతే పోయిందిలే అనుకుని ఒక్కదాన్నే ఆడాను. మూడో స్టేజీ. తర్వాత కొన్నాళ్లకు ఆ పెట్టెను అటకెక్కించాను.

మార్చిలో ఒంటిపూట బళ్లు మొదలైన రోజు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాను. బయట మాడు పగిలే ఎండ. జేజి అట్టముక్కతో విసురుకుంటూ, పెట్టని టీవీకి ఎదురుగా కూర్చుని ఉంది. అది ఆమె సీరియల్ వచ్చే వేళ.

"కరెంటు లేదా జేజీ?"

"ఏమోమ్మా, చూడలే."

స్విచ్చి వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. టీవీ కూడా వచ్చింది. దసరా నుంచి, ఇన్ని నెలల పగళ్లు, ఈ మనిషి ఇట్లాగే కూర్చుందా?

"వేసుకోవచ్చు కదా జేజీ!"

"నువ్వే కదమ్మా, ముట్టద్దంటివి" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేను తిరగబడి ఏడ్చేదాన్ని.

ఆమె చేయి పట్టుకుని లేపి, స్విచ్చి దగ్గరికి తీసుకెళ్లాను. "ఏం కాదు జేజీ, నొక్కు" అన్నాను. వేలు స్విచ్చికి తగిలీ తగలకముందే చేయి వెనక్కి లాక్కుంది.

"నువ్వే వెయ్యి తల్లీ" అంది.