సైకిలు వెనక కట్టిన కొమ్మ

నిన్నటి డైరీలో ఒక్కటే రాశాను: జయపురం టీకొట్టు దగ్గర ఘాటీ కొండదారి దిగొచ్చిన గేర్ల సైకిళ్ళు, కాలిన బ్రేకు రబ్బరు వాసన. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఏడేళ్ళప్పుడు, నాన్న బట్టల మూట వెనకా నన్ను ముందు కడ్డీ మీదా పెట్టుకుని, కోరాపుట్ నుంచి జయపురం ఘాటీ మీదుగా బోరిగుమ్మ సంతకి బయలుదేరాడు. దిగుడు మొదలయ్యే చోట పెద్ద ఆకుల కొమ్మ నరికి, సైకిలు వెనక తాడుతో కట్టి, నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఆ కొమ్మ అమ్మ పొయ్యిలోకి అనుకున్నాను. అంతదూరం రొప్పుతూ తొక్కిన మనిషి దాన్ని కూడా ఈడ్చాలా? ముడి విప్పి పొదలోకి తోసేశాను.

మూట అడ్డంతో నాన్న చూసుకోలేదు. మొదటి మలుపులోనే సైకిలు పట్టు తప్పింది. చెప్పులు అరిగిపోయేలా రెండు కాళ్ళూ రోడ్డుకి రాస్తూ, ఎలాగో మట్టిగట్టుకి ఆనించి ఆపాడు.

"కొమ్మేదే అమ్మీ?"

"బరువని నేనే ఇప్పేసేను నాన్నా."

"బరువుండాలనే కట్టేనే, ఎర్రిదానా! దిగుడులో అదే మన బ్రేకు."

ఇంకో కొమ్మ నరికి కట్టాడు.

ఇంటికొచ్చాక అమ్మ, "సెప్పులకేటయ్యింది?" అని అడిగింది.

"అమ్మి నా కష్టం సూడలేకపోయిందిలే," అన్నాడు నాన్న.

నన్ను తిట్లనుంచి తప్పించడానికి అబద్ధమాడాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆయన చెప్పింది నిజమే.