తొట్టెల డిస్కులో అవ్వ గొంతు

టీవీలో అవ్వ నోరు కదులుతోంది. కొంగు నడుముకు చెక్కుకుని, ఒక చేత్తో తొట్టెల తాడు పట్టుకుని, తల ఊపుతూ పాడుతోంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. చప్పుడు మాత్రం లేదు. ఆ తొట్టెలలో ఉన్నది నా కొడుకు. ఇప్పుడు రిమోట్ పట్టుకుని సౌండు పెంచుతున్నదీ వాడే. టీవీ మీది గీత చివరిదాకా పోయింది. ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడే వినబడింది.

"డిస్కే ఖరాబైనట్టున్నదమ్మా."

"బొమ్మ మంచిగొస్తున్నది గద. మాటనే ఎట్ల ఖరాబైతది?"

వాడు డిస్కు తీసి, అంగీకి తుడిచి మళ్లీ వేశాడు. నాకు మాత్రం అప్పుడే ఒక అనుమానం మొదలైంది.

అవ్వ అంటే మా అమ్మ. మా ఇండ్లలో ఏ బిడ్డను తొట్టెలలో వేసినా ఆమెనే పాడేది. ఆమె ఉందన్న ధైర్యంతో మేమెవరమూ ఆ పాట నేర్చుకోలేదు. నాకు అక్షరాలు వచ్చింది ఆమె పోయిన తరువాత, మహిళా సంఘంలో, నా జుట్టు నెరిశాక. రాసుకోగలిగిన రోజు వచ్చేసరికి చెప్పే అవ్వ లేదు. ఇప్పుడు నా కొడుకుకు బిడ్డ పుట్టింది, పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ దగ్గర పడింది. పాట మొదలు నాకు గుర్తుంది, తరువాతిది లేదు. ఉన్నదంతా ఆ డిస్కులోనే ఉంది.

నా కొడుకు తొట్టెల నాడు కామారెడ్డి నుంచి వీడియో ఆయన ఎల్లారెడ్డిలోని మా ఇంటికి వచ్చి తీశాడు. ఆ క్యాసెట్టు ఇన్నేళ్లూ కామారెడ్డిలో మా అక్క ఇంట్లోనే ఉంది. ఆమెనే దాన్ని డిస్కు చేయించి, మా వైపు వచ్చే చుట్టాలతో పంపింది.

నా అనుమానం అక్క మీదనే. మా వైపు తొట్టెల పాటలో చుట్టాలందరికీ తలా ఒక చరణం కడతారు. కొందరికి పొగడ్త, కొందరికి ఎత్తిపొడుపు. ఎవరూ మనసులో పెట్టుకోకూడదు. ఆ రోజు అక్క పొద్దుగూకినాక వచ్చింది, అదీ ఒట్టి చేతులతో. అవ్వ ఊరుకుంటుందా? ఆమె మీద ఒక చరణం కట్టి నిండు వాకిట్లో పాడింది. అక్క అన్నం తినకుండా వెళ్లిపోయింది. ఆ ఏడు బతుకమ్మకు కూడా గడప తొక్కలేదు. అటువంటి మనిషి చేతి మీదుగా వచ్చిన డిస్కులో అవ్వ గొంతు లేదంటే, ఏమనుకోవాలి?

ఫోన్ చేశాను.

"అక్కా, డిస్కుల మాట వినొస్తలేదే."

"మా ఇంట్ల మంచిగనే వినొచ్చింది."

"మరి మా ఇంట్లెందుకు రాదు?"

"నీ డబ్బనడుగు. నన్నడిగితె నేనేం జెప్పాలె?"

అయ్యో అనలేదు. మళ్లీ చూడమనలేదు. అది నాకు గుచ్చుకుంది.

డిస్కు వేసే డబ్బాను అడిగి కూడా చూశాము. నా కొడుకు వెనకాల వైర్లు పీకి, ఎర్రదీ తెల్లదీ మళ్లీ గట్టిగా గుచ్చాడు. వాడి పెళ్లి డిస్కు వేస్తే సినిమా పాటలు వీధి చివరిదాకా మోగాయి. అంటే డబ్బా తప్పు కాదు. బజారులో కంప్యూటర్ పెట్టుకున్న ఆయన దగ్గర వేయించాను. అక్కడా బొమ్మనే. "ఆవాజ్ లేదవ్వా, ఖాళీ" అన్నాడు. రెండు చోట్ల మూగదైన డిస్కు కామారెడ్డిలో మాత్రం ఎట్లా మాట్లాడుతుంది? అక్క రెండు డిస్కులు చేయించి, గొంతున్నది తాను ఉంచుకుని, లేనిది నాకు పంపిందని నిశ్చయించుకున్నాను.

తెల్లారి కామారెడ్డి బస్సెక్కే ముందు డిస్కు మీద, మెరిసే వైపు కాక రెండో వైపు, పెన్నుతో చిన్నగా 'అ' అని రాశాను. మార్చేస్తే తెలియాలి కదా. లింగంపేట దాటిందాకా సంచి ఒళ్లోంచి దించలేదు.

అక్క డిస్కు తీసుకుని టీవీ ఉన్న లోపలి గదికి నడిచింది. నేను ఆమె మడమలు తొక్కినంత దగ్గరగా వెంట నడిచాను.

"ఏందే, పోలీసోని తీర్గ ఎన్కవడ్డవ్? చాయన్న తాగు."

"పాట విన్నంక తాగుత."

డిస్కు వేసింది. అవ్వ నోరు కదిలింది, గొంతు వచ్చింది! ఎన్నేళ్లకో విన్న గొంతు. నేను మాత్రం పాట మీద మనసు పెట్టలేదు.

"బయటికి తియ్యి" అన్నాను.

"పాట నడుస్తుంటెనా?"

"తియ్యే ముందుగాల."

తీసింది. నా 'అ' దాని మీదనే ఉంది. అదే డిస్కు. అక్క ఆ అక్షరాన్ని వేలితో తడిమింది.

"గిదెవరు రాసిండ్రు?"

"నేనే."

డిస్కును నా మొహం ముందు పెట్టింది. "నేను మార్చేస్తననుకున్నవా? అవ్వ నన్నన్న మాట తీసేయించిననుకున్నవా?"

నేను టీవీ వైపు చూశాను.

"సదువు మంచి పనికొచ్చిందే నీకు" అంటూ చెప్పులేసుకుంది. "నడువ్. డిస్కు జేసిన స్టూడియో ఆయన్నే అడుగుదువు."

దారంతా నాకు పది అడుగుల ముందే నడిచింది.

స్టూడియో ఆయన పెళ్లి ఆల్బం పనిలో ఉన్నాడు. తల ఎత్తకుండానే, "మీ డబ్బ మార్చుండ్రి, మంచిగైతది" అన్నాడు. ఈయనా అక్కా ఒక్కటేనేమో అనిపించింది.

"రెండు డబ్బల్ల రాలే. ఇప్పుడు నీదాంట్ల వేసి చూపియ్యి" అన్నాను.

వేశాడు. అక్కడా అవ్వ మూగదే. నేను అక్క వైపు చూశాను. ఈసారి అక్క మొహం కూడా మాడింది.

"గిదేందన్నా, మా ఇంట్ల ఇప్పుడే వినొచ్చింది గద! నేను నీకేం జెప్పిన? సినిమా పాటలు పెట్టకు, మా అవ్వ పాట వినవడాలె అని చెప్పలేదా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. మా దగ్గర ఏ ఫంక్షన్ వీడియో అయినా సినిమా పాటలు మోగాల్సిందే. మనుషుల మాటలు ఎవరికి కావాలి? అందుకని ఈయన ప్రతి డిస్కులో రెండు ఆవాజ్‌లు పెడతాడట. మొదటిది సినిమా పాటలు, రెండోది ఫంక్షన్లో వినబడిన అసలు చప్పుళ్లు. డిస్కు వేయగానే మొదటిదే మోగుతుంది. అక్క పాటలు వద్దంటే మొదటి దాంట్లోంచి పాటలు తీసేశాడు. తీసి, ఆ చోటును అట్లాగే ఖాళీగా వదిలేశాడు. అవ్వ గొంతు రెండో దాంట్లో పదిలంగా ఉంది.

"మరి వీళ్లింట్లనే ఎట్లొచ్చింది?" నేను ఇంకా వదల్లేదు.

"డిస్కు ఇయ్యవోయిన నాడు నేనే రిమోట్ నొక్కి రెండో దాని మీద పెట్టొచ్చినవ్వా. వాళ్ల డబ్బ ఈ డిస్కుకు అదే యాదివెట్టుకున్నది. ఆడియో అని బటన్ ఉంటది సూడు, ఒక్కపారి నొక్కు."

"ఇగ నమ్ముతవా?" అంది అక్క.

"మా ఇంట్ల వినొచ్చినంక నమ్ముత."

"నీ బుద్ధి ఏడికి పోతది" అని బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది.

ఇంటికి వచ్చి రిమోట్‌ను వెలుతురులో పెట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు విడివిడిగానే తెలుసు. ఒక్కో బటన్ కింద కూడబలుక్కుంటూ పోతే, రిమోట్ కవరు మడత కింద దొరికింది. ఎవరూ ముట్టని బటన్, మెరుస్తూనే ఉంది. నొక్కాను. టీవీ మూలన ఒకటి పోయి రెండు వచ్చింది. ఇల్లంతా అవ్వ నిండింది.

ఆపుతూ, వింటూ, ఆపుతూ, మొత్తం రాసుకున్నాను. అక్క చరణం కూడా.

*మేనమామ తెచ్చిండు వెండి మొలతాడు*
*తాత తెచ్చిండు తడిబెల్లం ముద్ద*
*పెద్దమ్మ వచ్చింది పొద్దుగూకినంక*
*ఒట్టి చేతులతోని ఊపింది తొట్టె*

రాశాను గానీ పండుగ నాడు దాన్ని పాడకూడదని అనుకున్నాను. ఆ చరణం ఉందని తెలిసి కూడా అక్క సినిమా పాటలు కప్పనియ్యకుండా పాటను కాపాడింది కదా అని కొంత, మళ్లీ అన్నం తినకుండా పోతుందేమోనని కొంత.

తొట్టెల నాడు అందరూ వచ్చారు, అక్క తప్ప. పొద్దుగూకింది. ఇక ఆగలేక పాట మొదలుపెట్టాను. మేనమామ చరణం అయింది, తాతది అయింది. అక్క చరణం దాటేసి మేనత్త దగ్గరికి పోబోతుంటే, వాకిట్లోంచి గొంతు లేచింది.

"పెద్దవ్వ వచ్చింది పొద్దుగూకినంక..."

అక్క. ఈ పిల్లకు నానమ్మ వరుస కనుక పెద్దమ్మ అన్న చోట పెద్దవ్వ అని మార్చుకుని, రెండు చేతులూ అందరికీ కనబడేటట్టు ఊపుకుంటూ, అవ్వ లాగానే తల ఊపుతూ వచ్చింది. వచ్చి తొట్టెల తాడు పట్టుకుంది. ఆడవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. పాట అయ్యాక నడుముకు చెక్కుకున్న కొంగు విప్పి, అందులోంచి వెండి గజ్జెలు తీసి పిల్ల కాళ్లకు తొడిగింది. ఆ రాత్రి మా ఇంట్లోనే రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

"అంత పొద్దువోయినంకనా వచ్చేది?" అని అడిగాను.

"బస్సు లేటైందే. నేనేం జెయ్యాలె?"

ఇప్పటికీ అదే మాట అంటుంది. ఆ రోజు కామారెడ్డి బస్సులన్నీ వేళకే వచ్చాయని నేను బస్టాండులో కనుక్కున్నాను.