టీ గ్లాసు తేల్చిన గ్రాము

కడుపుతో ఉన్న మా కోడలి పాలలోకని కిందటేడు గ్రాము కుంకుమపువ్వు కొన్నాను. సింగపూర్ యూ టీ పేటలోని మా ఫ్లాట్‌కి తెచ్చి వంటింటి కాటాపై వేస్తే సున్నా చూపించింది! లైబ్రరీలో తూనికల పుస్తకాలెన్నో చదివిన ధీమాతో, కాటా చంకన పెట్టుకుని దుకాణానికెళ్లి అందరి ముందూ "ఇది మోసం!" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "అంకుల్, ఖాళీ కాటాకి ఇంత తేలికది తెలీదు. ముందు కాస్త బరువు పెట్టాలి."

మూతపెట్టిన తన టీ గ్లాసు నా కాటాపై పెట్టాడు. నూట ఎనభై గ్రాములు. మూతపై కుంకుమపువ్వు వేయగానే నూట ఎనభై ఒకటి!

వెనకున్న అమ్మాయి సింగపూర్ యాసలో, "సే సారీ లా, అంకుల్!" అంది.

సిగ్గుతో చెప్పాను. అయినా కుతూహలం ఆగక, ఆయన టీ చల్లారేదాకా తీసి, వేసి తూస్తూనే ఉన్నాను. ఎవరినైనా తప్పుపట్టబోతే ఇప్పటికీ ఆ సున్నాయే గుర్తొస్తుంది.