ఉప్పూ బెల్లం కలిపిన చెంబు

నేను ఏనాడూ దయ్యాలను నమ్మలేదు. ఎండకు జడిసిందీ లేదు. కత్తెర ఎండల్లో నగరి నుంచి తిరుచానూరు దాకా, నెత్తిన చీరల మూటతో, చుక్క నీరు తాగకుండా నడిచాను. మా మగ్గాల వీధిలో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. చెప్పిపెట్టింది నేనే అనుకోండి.

డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. దానికి ముందటి ఎండాకాలంలోనే మా అమ్మ పోయింది. వడదెబ్బ. ఒకటే వాంతులు. కక్కేవాళ్లకు నీళ్లిస్తే ఇంకా కక్కుతారని మా వీధిలో అందరి నమ్మకం. నేనూ ఇవ్వలేదు. రెండుసార్లు అడిగింది.

ఆమె తాగే ఇత్తడి చెంబును ఆమె తలాపునే పూడ్చాం. అంచు కింద చుక్కలతో చెక్కిన ఆమె పేరు ‘మునెమ్మ’, పక్కన ఒక సొట్ట. నాకు ఏడుపు రాలేదు. ఆ ఏడాదంతా నేశాను, తిన్నాను, పడుకున్నాను.

ఆ నడకలో వడమాలపేట దాటాక నాకు చెమట పట్టడం ఆగిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. మైలురాయికి ఆనుకొని కూలబడి, కక్కుకున్నాను. చచ్చిపోతానని తెలుస్తూనే ఉంది. భయం మాత్రం వేయలేదు.

ఎవరో నా తల ఎత్తి పట్టుకున్నారు. ఆడమనిషి. ఎండ కళ్లలో పడి మొహం కనిపించలేదు. పెదాలకు చెంబు తగిలింది.

“గబగబా తాగబాక. ఒక్కో గుక్కే.”

తీపి. ఆ తీపి వెనక కొంచెం ఉప్పు. కక్కాను. కాసేపాగి మళ్లీ పట్టింది. మధ్యలో చెంబు కళ్లకు దగ్గరగా వచ్చింది. చుక్కల అక్షరాలు. పక్కన సొట్ట.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక ఎద్దులబండి ఆగి ఉంది.

“ఏందప్పా, ఎండకి సారా తోడైందా?” అన్నాడు బండాయన.

ఆమె ఎటు పోయిందని అడిగాను. “యాడామె? అంత దూరం నుంచి సూస్తానే వస్తా ఉండా. నువ్వొక్కడివే పడుండావు,” అన్నాడు.

నా చొక్కా ముందుభాగం తడిసి ఉంది. కాలరు మీద చీమలు బారు కట్టాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. పుత్తూరు దాకా బస్సులోనే వచ్చాను. అక్కడ తిరుపతి బస్సు తప్పిపోతే నడిచాను. తిరుచానూరు చేరనేలేదు. ఆ చెంబు మా ఇంట్లో ఉందని కూడా కొందరితో అన్నాను. లేదు. చీమలు మాత్రం నిజం.

కొన్నేళ్లకు నర్సమ్మ ఒకామె మా వీధికి వచ్చి, కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు, చక్కెర లేదని బెల్లం కలిపి చూపించింది. “కక్కినా మానబాకండి. కాసేపాగి మళ్లీ గుక్క గుక్కగా పట్టండి. ఉప్పు కన్నీళ్ల కంటే ఎక్కువ ఉండకూడదు,” అంది. రుచి చూడమని అందరికీ తలా కాస్త పోసింది.

నా నాలుక గుర్తుపట్టింది. అదే రుచి. అంతకుముందు మా వీధిలో అలా కలిపినవాళ్లు లేరు. మరి ఆ రోడ్డు మీద కలిపిందెవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చీమల గురించి ఏమీ అనలేదు, చెంబు కనిపించడం గురించీ అనలేదు.

“అత్త రెండుసార్లు అడిగిందని రాసినావే. పొద్దుగూకే దాకా అడగతానే ఉన్నింది. చేతికి అందకుండా చెంబును అటక మీద పెట్టింది నువ్వే.”