అత్త పితికించి కొన్న హార్డ్ డిస్కు

"సోమల పెండ్లి ఇంగా ఇయ్యలేదు మే. జాగా లేదని పాతవాటినేమన్నా తీసేసేవు."

"తీసేయనులేప్పా. నువ్వు సుమ్మనే కండ్లు మూసుకో."

మా ఆయనకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. కండ్లు మూసుకోమంటే మూసుకున్నాడు. కాపురం చేసినన్నాళ్లలో నేను చెప్పిన మాట విన్నది ఆ ఒక్కసారే. అదీ అంత గట్టిగా వింటాడని నేను అనుకోలేదు. (ఇది కూడా రాయవే పాపా. ఏడవాల్సిందంతా అప్పుడే ఏడ్చేశాను, ఇప్పుడు నవ్వినా తప్పు లేదు. రాస్తున్నది మా తమ్ముడి కూతురు. బడి నన్ను మూడో తరగతిలోనే వదిలేసింది కాబట్టి నోరు నాది, చెయ్యి దానిది.)

ఆ రోజుల్లో మా పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో తాళి కట్టినంత మాత్రాన పెండ్లి అయిపోయినట్టు కాదు. వీడియో ఇంటికి రావాలి. చుట్టాలంతా టీవీ ముందు కూర్చుని ఎవరెవరు ఎక్కడెక్కడ కనిపించారో చూసుకోవాలి, కనిపించనివాళ్లు అలిగి అన్నం మానేయాలి. అప్పుడు పూర్తయినట్టు పెండ్లి. మా ఆయన ఆ వీడియోలు తీసేవాడు. నేను పక్కన లైటు పట్టుకుని నిలబడేదాన్ని. ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు ఆయన పక్కనే కూర్చుని, ఇక్కడ కత్తిరించు, అక్కడ అతికించు అని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ చివరికి ఆ మౌసు నా చేతికే వచ్చింది. అక్షరాలతో నాకు పని లేదు, బొమ్మలు చూసి చేసేదాన్ని. కత్తెర బొమ్మ నొక్కితే తెగుతుంది, చెత్తబుట్ట బొమ్మ నొక్కితే పోతుంది. ఆ విద్య అంతే. అయితే మా ఆయన చెత్తబుట్ట జోలికి పోయేవాడు కాదు. "రేపు వాళ్ల డీవీడీ గీతలు పడితే ఎవురి కాడికి వస్తారు మే? మన కాడికే కదా" అని తీసిన ప్రతి పెండ్లినీ దాచేవాడు. అలా దాచీ దాచీ కంప్యూటరు కడుపు నిండిపోయింది. చివరగా సోమల ఊళ్లో తీసిన పెండ్లిని కత్తిరించి అతికించడానికి అందులో వేలు పెట్టేంత సందు కూడా మిగల్లేదు.

కర్మకాండ అయ్యాక మరిది మెల్లగా మాట ఎత్తాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"వదినా, ఏమనుకోవద్దు. ఆ కంప్యూటరు అమ్మేసి గదిలో ఎరువు మూటలు ఏసుకుంటాను. నీకూ అమ్మకూ తిండికి నేనుండాను కదా."

"సోమల పెండ్లి ఇచ్చినాక మాట్లాడదాంలే నాయనా."

"అది చేసేదానికి ఎవురుండారు?"

"నేనుండాను."

వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "సరే, అమాసలోపల ఇయ్యి. ఇస్తే గది నీది, నేను మళ్లా అడగను" అని చెప్పులేసుకుని పోయాడు.

పాత పెండ్లిళ్లు నాలుగు తీసేస్తే చోటు అయ్యేదే. కానీ మాట ఇచ్చానే! పోయినవాడికి ఇచ్చిన మాట, మళ్లీ అడిగి మార్చుకోవడానికి కూడా లేదు. దిక్కుతోచక మా అత్తకు చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, "జాగా లేకుంటే ఇంగో కొట్టం కట్టల్ల గానీ, ఉండే గొడ్లను తోలేస్తారా?" అంది. కంప్యూటరుకు కొట్టమంటే హార్డ్ డిస్కు అని మా ఆయన నోట చాలాసార్లు విన్నాను. అది మదనపల్లెలో దొరుకుతుందని కూడా తెలుసు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. కంప్యూటరు డబ్బాను దుప్పట్లో మూటగట్టి వెంట తెచ్చాం. ఎందుకంటే, "చెప్పులు కొనేదానికి పోతా కాలును ఇంట్లో పెట్టి పోతామా?" అని అత్త తర్కం.

బస్సులో కండక్టరు సీటు మీది మూటను చూశాడు. "ఏందవ్వా అది?"

"కంప్యూటరు."

"సీటు మీద కూర్చోబెట్టినావు, దానికీ టికెట్టు తీసుకో."

"నిలబడమంటే నిలబడదప్పా, దానికి కాళ్లు లేవు."

చివరికి అది నా ఒళ్లో కూర్చుని మదనపల్లె దాకా ప్రయాణం చేసింది. పక్క సీటు ఆమె, లోపల బిడ్డ ఉందేమోనని రెండుసార్లు దుప్పటి ఎత్తి చూసింది.

బస్టాండు వెనక సందులో ఒక చిన్న అంగడి. కండ్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్ర సేటు గల్లా దగ్గర ఉన్నాడు. నేను అడిగింది ఒకటే: బాగా పెద్దది కావాలి, బాగా చౌకది కావాలి. ఆయన రెండు డిస్కులు తీసి పెట్టాడు. ఒకటి పలచగా, అట్టపెట్టెలో సీలుతో ఉంది. ఒక టెరాబైటు అన్నాడు. రెండోది లావుగా నల్లగా నిగనిగలాడుతోంది. మొదటిదానికన్నా ఎన్నో రెట్లు పెద్దదట, పైగా చౌకట. "ఇది కొత్తగా వచ్చిందక్కా, నేనూ ఇంగా వాడి సూడలేదు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. అత్త రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని తూచింది. "ఇది సూడు, బరువుండాది. అది బక్కది, ఎండుగడ్డి తిని బతికినట్టుండాది" అని లావుదాన్ని నా చేతిలో పెట్టింది. నాకూ అదే నచ్చింది. అంత పెద్దదాంట్లో మా పెండ్లిళ్లే కాదు, మా జిల్లా పెండ్లిళ్లన్నీ పడతాయని అప్పుడే మనసులో లెక్క వేసేశాను. చౌకగా వస్తుందంటే మనిషికి తెలివి ఎంత ఉంటుందో నన్ను చూసి చెప్పొచ్చు.

డబ్బు తీయబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "సరేప్పా, పితికి సూపించు" అంది సేటుతో.

మా అత్త పుట్టిల్లు పెద్దతిప్పసముద్రం దగ్గర, గొడ్లు సాకే ఇల్లు. ఆవును అమ్మేవాళ్లు ఒక పూట పాలు పిండకుండా ఆపి, పొదుగును కడవంత చేసి సంతకు తోలుకొస్తారట. అందుకని తెలిసినవాళ్లు సాయంత్రం ఉన్న పాలన్నీ పిండించేసి, రాత్రికి అమ్మేవాళ్ల కొట్టంలోనే పడుకుని, తెల్లారి చెంబులో పడిన పాలు చూశాకే డబ్బు విప్పుతారు. డిస్కయినా ఆవయినా ఆమెకు వేరే పద్ధతి తెలియదు.

"అవ్వా, ఇది ఆవు కాదవ్వా."

"కాదని నాకూ తెలుసులే, కొమ్ములు లేవు కదా. ఎంత పడుతుందో పోసి సూపించు."

"అన్నీ ఎక్కల్లంటే సాయంత్రం అవుతుంది!"

"కానీలే. సద్ది తెచ్చుకోనుండాము."

అని అంగడి గడప పక్కన చతికిలబడి ఆకువక్క సంచి విప్పింది. సేటు మా డబ్బాకు తన టీవీ తెర తగిలించి, డిస్కు పెట్టి, నా చేతికి మౌసు ఇచ్చాడు. తెర మీద పచ్చ గీత చీమలా పాకుతోంది. మేము రాగిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నాం. సేటుకూ ఒక ముద్ద పెట్టాం. పొద్దు వాలేసరికి మా పెండ్లిళ్ల పేర్లన్నీ కొత్త డిస్కులో వరసగా కనిపించాయి. నాకు పట్టరాని సంతోషం. ఇక పాతవాటిని డబ్బాలోంచి తీసేసి సోమలది మొదలుపెట్టడమే అనుకుని, చెత్తబుట్ట బొమ్మ మీదికి చెయ్యి పోనిచ్చాను.

"ఏం చేస్తాండావు మే?"

"అన్నీ ఎక్కేసినాయి అత్తా. ఈడివి తీసేస్తే..."

"పేర్లు ఎక్కినాయి. మనుషులు ఎక్కినారా?"

"ఉంటారులే అత్తా, యాడికి పోతారు!"

"నా కొడుకు తీసిన పెండ్లిండ్లు మే అవి. ఆడించి సూపించు."

విసుక్కుంటూనే నొక్కాను. మొదటి పెండ్లి చక్కగా ఆడింది. రెండోదాంట్లో పెండ్లికొడుకు తాళి చేత్తో పట్టుకుని పెండ్లికూతురి వైపు వంగి, అట్లే నిలిచిపోయాడు. కదలడు, కట్టడు. తర్వాత తెర నల్లబడింది. మూడోది తెరుచుకోలేదు, నాలుగోది తెరుచుకోలేదు. ఆ తర్వాత వాటికి పేర్లే ఉన్నాయి, లోపల ఏమీ లేదు. నా వేలిని మౌసు మీద నుంచి తీసి కొంగులో చుట్టుకున్నాను. ఒక్క నొక్కు నొక్కి ఉంటే, ఆయన దాచిందంతా నా చేత్తోనే పోయేది.

"మొదటి పితుకుకు ఇచ్చింది, రెండోదానికి ఒట్టిపోయింది" అంది అత్త, ఆకు నములుతూ.

సేటు ముఖానికి చెమటలు పట్టాయి. సన్న స్క్రూడ్రైవరుతో డిస్కు మూత ఊడదీశాడు. లోపల గోరంత చిప్పు, దానికి అటూ ఇటూ బంకతో అతికించిన ఇనుప నట్లు! బరువు అదీ. "బెంగుళూరులో నాకే అంటగట్టినారు అవ్వా" అని తల పట్టుకున్నాడు. నాకు భయం పోయి నవ్వు ముంచుకొచ్చింది. బరువు చూసి మోసపోయింది అత్తే, పితికించి పట్టుకుందీ అత్తే. కానీ బతికున్నన్నాళ్లూ ఊరందరికీ రెండో సగమే చెప్పుకుంది.

ఆ బక్క డిస్కును సేటే ముందుకు తోసి, "దీన్నీ పితుకుదాం అవ్వా" అన్నాడు. ఈసారి ఎక్కిన పెండ్లిని ఎక్కినట్టే ఆడించి చూడమన్నాడు. తెర సందు వైపు తిరిగి ఉంది. మేళం మోగేసరికి దారిన పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. "అదో, మా చిన్నాయన! వడ్డనలో యాడున్నా కనిపిస్తాడు" అని ఒకాయన. "ఆ పచ్చ చీర మా వదినది, ఇప్పటికీ నాకు తిరిగి ఇయ్యలేదు" అని ఒకామె. అంగడి కల్యాణమండపం అయిపోయింది. టమాటా మార్కెట్టుకు కుప్పం నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి చూసి, "ఎవురు తీసింది ఇవి? మా పాపది కార్తీకంలో పెండ్లి" అని అడిగాడు.

"మా ఆయన. ఆయన లేడు ఇప్పుడు" అన్నాను. అక్కడితో ఆగాల్సింది. "నేను వస్తాను" అనేశాను. అప్పటిదాకా నేను లైటు తప్ప కెమెరా పట్టింది లేదు!

ఆయన నా నుదుటి వైపు చూసి చూపు దించుకున్నాడు. "తాళి కట్టేటప్పుడు ముందరే నిలబడల్ల కదమ్మా..." అని నసిగాడు.

"కెమెరా పట్టేది చెయ్యప్పా, నుదురు కాదు" అంది అత్త. "పెండ్లి బాగా రావల్లనా, వద్దా?"

"ఇంట్లో అడిగి చెప్తానమ్మా" అని మా ఫోను నంబరు రాసుకుని పోయాడు. ఇంట్లో అడగడమంటే ఏమిటో నాకు తెలియదా. ఆశ పెట్టుకోలేదు. రాత్రి పొద్దుపోయేదాకా పెండ్లిళ్లన్నీ ఎక్కి ఆడాక, ఆ బక్క డిస్కునే కొనుక్కుని ఇంటికొచ్చాం.

సోమల పెండ్లి అమావాస్యకు ముందే పూర్తి చేశాను. పెండ్లికూతుర్ని కారెక్కించేటప్పుడు వాళ్ల నాయన గుమ్మం చాటుకు పోయి ఏడ్చాడు. మామూలుగా అయితే అక్కడ ఏదో ఒక పాట వేస్తారు. నేను పాట ఆపేశాను. ఆయన ఎక్కిళ్లు మాత్రమే వినబడనిచ్చాను. అది నా సొంత తెలివి, మా ఆయన నేర్పింది కాదు. మరిది అది చూశాడు. మర్నాడు ఎరువు మూటలు వాళ్ల వసారాలో దింపించుకున్నాడు.

కుప్పం నుంచి ఫోను వచ్చింది. ఆడ గొంతు. "సోమలోళ్లు మాకు చుట్టాలే. ఆ నాయన ఏడ్చినకాడ పాట ఆపేసింది నువ్వేనంట కదా? మా ఇంట్లోనూ ఏడుస్తాడు మా ఆయన, ఇప్పుడే చెప్తాండాను. నువ్వే రావల్ల. ముందరే నిలబడల్ల."

పోయాను. ముందరే నిలబడ్డాను. గొణిగినవాళ్లు గొణిగారు, ఆ ఇంటామె ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నారు. లైటు పట్టుకోవడానికి మనిషి లేక అత్తనే తీసుకుపోయాను. ఆమె లైటును ఒకసారి లడ్డూల మీదికి, ఒకసారి తనకు నచ్చిన చీరల మీదికి తిప్పుతూ ఉంది. సరిగ్గా ముహూర్తానికి మాత్రం తిన్నగా పెండ్లికొడుకు కండ్లలోకి కొట్టింది. పాపం, ఆ అబ్బాయి కండ్లు గట్టిగా మూసుకుని తాళి కట్టాడు. చూసినవాళ్లంతా ఎంత భక్తో అన్నారు.

ఇప్పుడు నా గదిలో డిస్కులు వరసగా ఉన్నాయి. పాప వాటి మీద ఊళ్ల పేర్లు అంటించింది. కుప్పం, శాంతిపురం, సోమల, ఎవరు వచ్చి అడిగినా వాళ్ల పెండ్లి తీసిస్తాను. అత్త లేదు. ఒళ్లో కంప్యూటరు మూట, నోట్లో "నేను వస్తాను" తప్ప ఏమీ లేని ఆనాటి నేను, ఆ చిన్నపిల్ల, ఇప్పుడు ఎదురొస్తే, నీకేం తెలుసని వస్తానన్నావే అని చెవి మెలిపెట్టి, ఆ తర్వాత ఒక ముద్ద కలిపి పెడతాను.

చాల్లే పాపా, చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు. వింటాను.