గ్రీకుల గుళ్లో పిండి వడియాలు

నేను పెట్టిన పిండి వడియాల వల్ల ఒక గుడి పరువు పోబోయింది. నవ్వకండి, దాంతోపాటు నా ఉద్యోగం కూడా పోబోయింది.

కువైట్ ఫైలకా దీవిలో గ్రీకులు ఎప్పుడో కట్టిన గుడి ఒకటుంది. ఇప్పుడు మిగిలింది మొండిగోడలు, మధ్యలో నున్నటి రాతి అరుగు. అక్కడ తవ్వకాలు చేసే బృందానికి నేను కొత్తగా చేరిన వంటవాణ్ణి. ఆ పని ఇప్పించింది మేస్త్రీ ఖాదర్ భాయ్, రాయచోటి మనిషి.

ఒక సెలవురోజు వడియాల మీదికి మనసు పోయింది. గోదావరి జిల్లావాణ్ణి, అంత ఎండ ఊరికే పోతుంటే చూడలేకపోయాను. పిండి ఉడికించాను. పెట్టడానికి చోటేదీ? దీవంతా ఇసుక. ఇసుక లేనిది ఆ అరుగొక్కటే. మరి దాన్ని రోజూ మెత్తటి బ్రష్షులతో తుడుస్తారాయె! గుడి అన్నారు కాబట్టి చెప్పులు విప్పి మరీ ఎక్కాను. చెంచాతో వరసలు తీర్చి పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఆ అరుగును డ్రోన్‌తో ఫొటో తీస్తారని వంటవాడికెవరు చెప్తారు? పొద్దున్నే ఖాదర్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"ప్రసాదన్నా, అరుగు మింద తెల్లగా ఏందన్నా అవి?"

"వడియాలండి. సాయంత్రం తీసేస్తాను."

"సాయంత్రమా! ఫొటో తీసే ఆయప్ప మధ్యాన్నం పడవకే పోతాడు. మేడం ఈడికే వస్తాంది!"

"చెప్పులు విప్పే ఎక్కానండి."

"చెప్పులిడిస్తే సరిపోతాదా? నిన్ను పనిలో పెట్టింది నేను. ఇద్దరికీ ఖలాస్!"

లాగితే రావు. తడిపి తీద్దామని చెంబు ఎత్తానో లేదో, "నో వాటర్!" అని మేడం కేక. తవ్వకాలకు పెద్ద ఆవిడే. మోకాళ్ల మీద కూర్చుని వెదురు పుల్లతో ఒక్కో వడియాన్నీ విరగకుండా లేపింది. పక్కవాళ్లు బ్రష్షుతో దుమ్ము దులిపి పళ్లెంలో పేర్చారు. తవ్వకంలో దొరికిన కుండపెంకులకు కూడా అంత మర్యాద జరగలేదు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

డ్రోన్ ఎగిరింది, ఫొటో వచ్చింది. మేడం పళ్లెం పట్టుకుని ఖాదర్ భాయ్‌తో అరబీలో ఏదో అంది.

"ఏమన్నారండి? పంపించేస్తారా?"

"పంపిస్తాదంట."

పెట్టె సర్దుకుందామని వెనక్కి తిరిగాను.

"వంటింట్లోకి. ఇవి నూనెలో ఏంచుకోని రమ్మంటాంది."

పళ్లెం క్షణంలో ఖాళీ. ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు కువైట్ నగరం పక్కన సాల్మియాలో ఏ మేడ మీద వడియాలు పెట్టాలన్నా, ముందు వాచ్‌మన్‌ను అడుగుతాను: "బాబూ, ఈ బిల్డింగు క్రీస్తు పూర్వానిదా, తరవాతదా?"