ఎక్కడికీ పంపని కేమెరా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మాటల్లో రాలేదు. పొద్దున్నే ఆఫీసుకి తయారవుతూ ఫోన్ చూస్తే, చుట్టాల గ్రూపులో ఆమె ముఖం ఉంది. ముక్కుల్లో దూది, గడ్డం కిందినుంచి నెత్తిమీదకి కట్టిన గుడ్డ. కింద అప్పటికే దండం బొమ్మలు వరసగా పడుతున్నాయి. పెట్టింది ఆమె కొడుకు, నాకు బావ. "అమ్మ పోయింది" అని ఒక్క మాట ఫోన్ చేసి చెప్పడానికి అతనికి తీరిక దొరకలేదు. ఫొటో తీయడానికి దొరికింది.

నాకు ముందు కోపమొచ్చింది, ఏడుపు తరవాత. ఇది రాస్తున్నప్పటికీ ఆ కోపం చల్లారలేదు. అంత కోపం ఎందుకో తెలియాలంటే మేనత్త కేమెరా కొనుక్కున్న సంగతి చెప్పాలి.

ఆమెది రామయ్యపట్నం. ఒడిశాలో, బరంపురానికి దగ్గర్లో సముద్రం ఒడ్డు ఊరు. వేటకెళ్ళే మా మావయ్య నా చిన్నతనంలోనే పోయాడు. ఊళ్ళో అంగన్‌వాడీలో పిల్లలకి వండిపెడుతూ కొడుకుని పెంచింది. వయసు మీదపడి ఆ పని మానేసిన ఏడాదే, ఒకనాడు బరంపురం వచ్చి, లంజిపల్లిలో నేను అద్దెకుండే గదిలో కూర్చుని, "అమ్మీ, నాకో కేమెరా కావాల. ఏది కొనాలో సూసి పెట్టు" అంది.

"ఇంట్లో ఫోనుంది కదా అత్తా? అందులోనే మంచి ఫొటోలొస్తాయి."

"ఫోన్ అందరిదీ అయిపోనాది. కాసేపు నీ బావ లాక్కుంటాడు, కాసేపు మనవలు లాక్కుంటారు. అయినా ఫోన్ ఎత్తితే మనిషి బెదిరిపోతాది. ఇది ఏటి తీసి ఎవుళికి పంపేత్తాదో అని. నాకు పంపనిది కావాల."

"ఏం తీస్తావు దాంతో?"

"రోజూ ఉన్నవే. వల బాగుసేసుకునేవోళ్ళని, సేపలు ఆరేసుకునేవోళ్ళని. ఒడ్డునున్న ఇళ్ళు ఒక్కోటీ సంద్రంలోకి ఎల్లిపోతన్నాయి కదే. పోయినాక అక్కడ ఏటుండీదో మేవే మర్సిపోతన్నాం."

ఆ వారమంతా ఇంటర్నెట్‌లో రకరకాల కేమెరాల గురించి చదివాను. రోజూ వెంట తిప్పుకోడానికి ఏది తేలిక, ఏది ఎంత దూరం చూస్తుంది, ఏ బేటరీ ఎంతసేపు నిలుస్తుంది అని. ఆదివారం ఇద్దరం కలిసి దుకాణానికి వెళ్ళాం. ఇప్పుడు బరంపురంలో కేమెరాలమ్మే దుకాణాలు తక్కువ, ఉన్నవి పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ కోసమే. దుకాణదారు ఒడియా అతను, తెలుగు బాగానే మాట్లాడతాడు. "ఏం ఫంక్షన్ మావుసీ?" అని అడిగాడు.

"ఫంక్షన్ నేదు బాబూ. రోజుకి."

అతనికి అర్థం కాక నా వైపు చూశాడు. ముందు ఒక పెద్ద కేమెరా తీసి ఆమె మెడలో వేశాడు. అత్త అద్దంలో చూసుకుని, "దీన్ని ఏసుకుని ఎల్తే ఊళ్ళో కుక్కలు ఎంట పడతాయి" అని తీసేసింది. తరవాత అరచేతిలో ఇమిడేది ఒకటి చూపించాడు. నేను కొనిపించాలనుకున్నదీ అలాంటిదే. తేలిగ్గా ఉంది, చటుక్కున తెరుచుకుంటోంది. "ఇది చూడండి, తీసిన ఫొటో తీసినట్టే ఫోన్‌లోకి పోతుంది, అక్కణ్ణించి ఎక్కడికైనా పంపుకోవచ్చు" అన్నాడు. అత్త దాన్ని వేడి గిన్నె దించినట్టు బల్లమీద పెట్టేసింది.

"పంపనిది నేదా?"

అతను నవ్వి, కింది అరలోంచి ఎవరో వాడి అమ్మేసిన పాతది ఒకటి తీశాడు. దాన్నుంచి ఫొటో బయటికి రావాలంటే లోపలి కార్డు తీసి కంప్యూటరుకి పెట్టాల్సిందే. నాకు నచ్చలేదు. నొక్కగానే దాని గొట్టం ముందుకి పొడుచుకొస్తుంది. ఇసక పడితే ఆ సందుల్లోనే ఇరుక్కుంటుందని చెప్పాను. అత్త వినలేదు. రోడ్డు మీదికి తీసుకెళ్ళి, ఎండలో నిలబడి, వెనకాలున్న చిన్న కన్నంలోంచి ఆటోల్ని చూసింది. కన్ను దానికి ఆనించినప్పుడు ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నపిల్లలు బుడగలు ఊదేటప్పుడు తెరుచుకున్నట్టు. "ఇదే" అంది.

ఎన్నాళ్ళో కాకుండానే ఇసక పడి గొట్టం కరకరమని ఆగిపోయింది. నేనే బాగుచేయించాను.

"చెప్పాను కదా అత్తా."

"సెప్పినావు. నాను ఇన్నేదు" అంది, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆ తరవాత లోపల పాలిథీన్ వేసి గుడ్డ సంచీ కుట్టుకుంది, నడుముకి కట్టుకునేలా.

ఊళ్ళో మొదట్లో నవ్వారు. ముసిల్ది ఫొటోగ్రాఫరైందని మగవాళ్ళు వెనకాల కూతలేశారు. బావకి అది తలవంపు. కానీ ఆడవాళ్ళు ఆమెకి అలవాటు పడిపోయారు. దానికి కారణం ఆమె పద్ధతి. ఎవరినైనా సరే అడక్కుండా తీసేది కాదు. తీశాక పక్కన కూర్చుని, చీర కొంగుతో నీడపట్టి, బొమ్మ చూపించి, "ఉంచీనా? తీసీనా?" అని అడిగేది. తీసెయ్యమంటే వాళ్ళ కళ్ళముందే చెరిపేసేది. ఎంత మంచి బొమ్మైనా అంతే. నా చూపు ఒకదాని మీదే ఆగి "అయ్యో, ఇది పోగొట్టకు" అని నేను బతిమాలినా సరే.

"ఆల్ల మొకం ఆల్లదే కదే" అనేది.

నేను ఇప్పటికీ ఎవరి ఫొటో తీసినా, పసిపిల్లదైనా, అడిగి తీస్తాను. ఆఫీసులో నవ్వుతారు. నాకు ఆమె నుంచి వచ్చిన ఆస్తి అది.

పక్కింటామె, అత్తా తనూ 'వదినా' అని పిలుచుకునే ఆమె, చేపలమ్మి బతికే మనిషి. ఆమె కొడుకు కేరళలో పడవల మీద పనికి పోయాడు. ఒకసారి సముద్రం పోటుకి ఆమె ఇంటి ముందు గోడ కూలిపోయింది. మర్నాడు ఆమే అత్తని పిలిచింది.

"నా ఇల్లు ఓపాలి తియ్యి వదినా. రేపటికి ఉండదు. నాకొక్కదానికే సూపించు."

అత్త తీస్తుంటే, ఆమె సగం మిగిలిన ఇంట్లో పొయ్యి పక్కన చతికిలబడి, జుట్టూ చీరా ఏమైందో తెలియకుండా నేల బాదుకుంటూ ఏడ్చింది. అదీ కేమెరాలో పడింది. తరవాత బొమ్మ చూసుకుని, "ఉంచు. మనిద్దరి మధ్యా ఉంచు" అంది. "ఇది ఎక్కడికీ పోదు వదినా" అని మాటిచ్చింది అత్త. ఆ మాట ఇవ్వగలిగే కేమెరా కావాలనే కదా ఆమె వెతికి వెతికి కొనుక్కుంది.

కొన్నాళ్ళకి, ఊరిని సముద్రం తినేయడం గురించి పని చేస్తున్నామంటూ ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. వాళ్ళ పేరు రాయను, రాస్తే అదీ వాళ్ళకి ప్రచారమే. మీ అమ్మగారి ఫొటోలు పైవాళ్ళు చూస్తే కొత్త కాలనీలో ఇళ్ళొస్తాయని బావతో అన్నారు. అత్త గుడికెళ్ళిన సమయం చూసి బావ కేమెరాలోంచి కార్డు తీసి వాళ్ళ చేతిలో పెట్టాడు. వాళ్ళు అందులోవన్నీ ఎక్కించుకుని కార్డు తిరిగిచ్చేశారు. అతను దాన్ని ఎప్పట్లాగే కేమెరాలో పెట్టేశాడు. ఆమెకి తెలియలేదు.

నాకు తెలిసింది మా ఆఫీసులో ఒకావిడ వల్ల. బరంపురంలో ఒక హాల్లో ఫొటోలు పెట్టారని, అన్నీ మీ రామయ్యపట్నంవేనని చెప్పింది. సరదాగా ఉంటుందని అత్తని రమ్మన్నాను. లోపలికి వెళ్ళిన కాసేపటికి ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మీ, ఇయ్యి నావి."

కింద వేరే ఎవరిదో పేరుంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. గోడ వెంబడి గబగబా నడుస్తోంది, దేన్నో వెతుక్కుంటున్నట్టు. హాలు చివర అది కనిపించింది. తలుపంత ఎత్తున వదిన. కన్నీళ్ళు, చెదిరిన జుట్టు, జారిన చీర, అన్నీ. దాని ముందే టీ, సమోసాలు పెట్టిన బల్ల.

నిర్వాహకుడు తెల్ల కుర్తా వేసుకున్న మనిషి. అత్త అతనితో ఒడియాలోనే మాట్లాడింది. ఇది తీసెయ్యండి, ఈమెకి నేను మాటిచ్చాను అని. అతను చాలా మర్యాదగా, "అమ్మా, ఇక్కడున్న వాటిలో ఇదే గొప్పది. చూసినవాళ్ళు ఏడుస్తున్నారు" అన్నాడు.

అత్త నా వైపు తిరిగి తెలుగులో, "ఆల్లు ఏడవడానికి దీని ఏడుపు కావాలా?" అంది.

ఫొటో ఎత్తుగా బిగించి ఉంది. ఆమెకి అందలేదు. అప్పుడామె దానికి వీపు ఆనించి, వీలైనంత దాన్ని కప్పుతూ నిలబడింది. నేను ఎంత లాగినా కదల్లేదు. హాలు మూసేదాకా అలాగే నిలబడింది. వచ్చినవాళ్ళు ఆ ఫొటోలో ఉన్నది ఈమే అనుకున్నారు. జాలిగా చూశారు. కొందరు ఫోన్లు తీసి, ఫొటోని, దాని ముందున్న ఆమెని కలిపి తీసుకున్నారు. ఒక్కరు కూడా అడగలేదు.

ఆ బొమ్మ ఫోన్ల మీద తిరిగి తిరిగి కేరళలో ఉన్న కొడుకు కంటపడింది. ఊరందరి ముందూ నా పరువు తీశావని తల్లిని తిట్టి, ఫోన్ చేయడం మానేశాడు. వదిన వచ్చి అత్త గుమ్మంలో నిలబడింది. అరవలేదు.

"నీ డబ్బా ఎక్కడికీ పోదన్నావు" అంది. అంతే. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

నేను వెళ్ళి బావని నిలదీస్తే, "ఏటైపోనాదే ఇప్పుడు? ఇళ్ళొస్తాయని ఇచ్చినాను, నాకోసమా?" అన్నాడు. ఇళ్ళు రాలేదు. ఆ సంస్థ వాళ్ళూ మళ్ళీ రాలేదు. అత్త కొడుకుతో అన్నది ఒక్కటే మాట అని విన్నాను. "నన్ను అడిగుంటే నేదని సెప్పేదాన్నని నీకు తెల్సు. అందుకే అడగనేదు."

ఆ తరవాత ఆమె కేమెరా పట్టుకుని ఇంటింటికీ మళ్ళీ తిరిగింది. ఇంతకు ముందు ఉంచమన్నవాళ్ళనే మళ్ళీ కూర్చోబెట్టి, జరిగింది చెప్పి, "ఇప్పుడు సెప్పు, ఉంచీనా? తీసీనా?" అని అడిగింది. అందరూ తీసెయ్యమన్నారు. చెరిపేసింది. పక్కింటి తలుపు మాత్రం ఎన్నిసార్లు వెళ్ళినా తెరుచుకోలేదు; ఆ బొమ్మ తనే చెరిపేసింది. ఆఖరికి కేమెరాలో మిగిలినవి నీళ్ళు, పడవలు, ఎండుచేపలు. మనుషులు లేరు. నాకు చూపిస్తూ, "బాగున్నాయి కదా?" అంది. బాగున్నాయన్నాను. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఫోన్‌లో ఫొటో వచ్చిన ఆ పొద్దున్న, అత్త టీ పెట్టబోయి పొయ్యి దగ్గరే కూలిపోయిందట. నేను ఊరు చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఫోన్లు. దూరాన ఉన్నవాళ్ళకి చూపించడం అవసరమే, కాదనను. కానీ అక్కడున్నవాళ్ళు కూడా తీస్తున్నారు. వంగి, దగ్గరికి జరిగి, వెలుతురు చాలక అటు తిరిగి ఇటు తిరిగి. బావ మనుషుల్ని పక్కకి జరుపుతున్నాడు, ముఖం సరిగ్గా పడాలని.

పక్కింటామె అప్పుడొచ్చింది. అమ్మకం మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, నెత్తిమీద చేపల గంప అలాగే ఉంది. గంప దించి, దాని కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట తీసి, విప్పి, ఒక్కసారి దులిపింది. మనుషుల్ని తోసుకుంటూ వచ్చి దాన్ని మా అత్త ముఖం మీద పరిచింది. గడ్డం కిందికి అంచులు దోపింది.

"అదేటి సేసినావు" అన్నాడు బావ. ఆమె అతని వైపు చూడలేదు.

నేను దగ్గరికెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకుంది.

"నాను దానితో మాటాడ్డానికి రానేదు. ఆ ఫోన్లు సూసి వొచ్చినాను" అంది.

గంప ఎత్తుకుని, నెత్తికీ గంపకీ మధ్య ఏమీ లేకుండానే పెట్టుకుని, మెడ బిగించి వెళ్ళిపోయింది. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అత్త ముఖం మీద ఆ గుడ్డ చేపల నీళ్ళకి తడిసి, ముక్కు దగ్గరా నుదుటి దగ్గరా అతుక్కుని ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.